అమ్మ ఓర్చుకుందని మీరూ ఓర్చుకోవాలా?

ప్రశ్న: రెండేళ్లుగా పొత్తికడుపు నొప్పి. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది, బతికేం లాభం అనిపిస్తోంది. డాక్టరు అమిట్రిప్టిలిన్ 10 రాశారు. అది డిప్రెషన్ మందట! అత్తగారి కంట పడకుండా ఎలా వాడాలి? అమ్మ మాత్రం 'నేనూ పడ్డాను, ముప్ఫై ఐదుకే గర్భసంచి తీయించుకున్నాను, ఆడపుట్టుక ఇంతే' అంటుంది.
- ఓ సోదరి, కూకట్‌పల్లి

జవాబు: 'బతికేం లాభం' అనిపించినప్పుడు ఏ వేళైనా సరే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మందు రాసిన డాక్టరుకూ ఈ సంగతి చెప్పండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే నవ్వేవాళ్లు మనూళ్లో ఉన్నారు. అవసరమైతే వాళ్లను పట్టించుకోకుండా వెళ్లండి.

మాత్రలు దాచడమేమిటి? ఇలాంటి ఆలోచనలున్నప్పుడు అవి మీ ఆయన చేతిలో ఉండాలి. అత్తగారు అడిగితే నొప్పి మాత్ర అనండి, నిజమే కదా. ఇంత తక్కువ మోతాదులో ఇచ్చేది మామూలుగా నొప్పికే. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకండి.

నాకు గుచ్చుకున్నది మీ అమ్మగారి మాట. ఆవిడ బాధ ఎవరూ అడగలేదు, అందుకే మీ బాధ ఆవిడకు మామూలుగా కనబడుతోంది. మీరేమో ఆ మాట పట్టుకుని రెండేళ్లు నెట్టుకొచ్చారు. జబ్బును ఓర్చుకోవడం ఆడదాని ధర్మమంటే నేను ఒప్పుకోను. పైగా ఆవిడ కథ మీ డాక్టరుకు కావాలి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ, మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు దొరకదు. గర్భసంచి ఎందుకు తీశారో, నెలసరికి ఎన్ని రోజుల ముందు నొప్పి మొదలయ్యేదో, విరేచనానికి వెళ్లినప్పుడూ ఉండేదో లేదో అడగండి. పాత కాగితాలుంటే వెతికించండి.

మీ నొప్పిని రోజూ సున్నా నుంచి పదిలోపు అంకె వేసి, నెలసరి తేదీల పక్కన రాయండి. కలయికలో నొప్పి ఉంటే సిగ్గుపడకుండా అదీ రాయండి. పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాలు బిగుసుకున్నాయేమో చూడమని అడగండి. యూట్యూబ్ చూసి ఆ కండరాలను బిగించే కీగెల్ వ్యాయామాలు మొదలుపెట్టకండి, బిగిసిన కండరం ఇంకా బిగుస్తుంది. దానికి బదులు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట లేచేలా గాలి పీల్చి మెల్లగా వదలండి. పూటకు ఐదు నిమిషాలు చాలు.

ఈసారి డాక్టరు దగ్గరికి అమ్మను వెంటబెట్టుకెళ్లండి. బయట బెంచీ మీద కాదు, లోపల మీ పక్కనే కూర్చోబెట్టండి.