కుబుసం సగంలో ఆగిపోతే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మా అబ్బాయి కొండచిలువ జాతి పాము అయిన బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. ఈ చలికాలంలో దాని కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. కుడి కంటి మీద పాత పొర అలాగే ఉండిపోయింది, తోక చివర కూడా కొంత చుట్టుకుని ఉంది. కొబ్బరినూనె రాసి గిల్లి తీసేయమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. అలా చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, సునాబెడ, కొరాపుట్ జిల్లా

జవాబు: అమ్మా, దయచేసి గిల్లవద్దు, నూనె కూడా రాయవద్దు. ఎండిపోయిన పొరకు కావలసింది నీరు. నూనె ఆ పొరను నానబెట్టదు సరికదా, దుమ్మును పట్టి ఉంచుతుంది.

మీరు కంటి గురించి ఎక్కువగా దిగులుపడుతున్నట్టున్నారు కానీ, ముందుగా చూడవలసింది తోకను. అక్కడ మిగిలిన పొర ఎండేకొద్దీ బిగుసుకుని రక్తప్రసరణను అడ్డుకుంటుంది, అలాగే వదిలేస్తే తోక కొన నల్లబడి చచ్చుబడిపోతుంది. గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో పాము ఒంటిలో సగం మందం మునిగేంత గోరువెచ్చని నీరు, అంటే 28 నుంచి 30 డిగ్రీల వేడి ఉన్న నీరు పోసి, 20 నిమిషాల పాటు పామును అందులో ఉంచండి. అంతసేపూ అబ్బాయి పక్కనే ఉండాలి. తరువాత తడి తువ్వాలును వదులుగా పట్టుకుని, పామును దాని మడతల్లోంచి తనంతట తాను పాకనివ్వండి; బట్ట గరుకుదనానికి మెత్తబడిన పొర చాలావరకు ఊడిపోతుంది. తోక దగ్గర మాత్రం తడిబట్టతో కొన వైపుగా మెల్లగా తోయండి. రాకపోతే బలవంతం చేయక మరునాడు మళ్ళీ నానబెట్టండి.

పాముకు కనురెప్పలు ఉండవు. కంటిని కాపాడే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతో పాటే ఊడి రావాలి. ఊడిన ముక్కల్లో తలభాగాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే, రెండు కళ్ళ చోటా గుండ్రటి అద్దం వంటి పొరలు ఉన్నాయో లేవో తెలుస్తుంది. ఒకటి లేకపోయినా పట్టకారుతో కంటి జోలికి వెళ్ళకండి, ఎందుకంటే పాత పొరతో పాటు కింది కొత్త పొలుసు కూడా చిరిగితే కన్నే పోవచ్చు. తేమ సరిపడా ఉంటే, మిగిలిన పొర తరచూ తరువాతి కుబుసంతో వచ్చేస్తుంది.

అసలు కారణం బహుశా మీ ఊరి వాతావరణమే. పీఠభూమి మీద చలికాలపు గాలి పొడిగా ఉంటుంది, పైగా హీటరో, వేడి దీపమో వెలిగితే పెట్టెలో మిగిలిన తేమ కూడా పోతుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ పాముకు మామూలు రోజుల్లో 55 నుంచి 60 శాతం తేమ ఉండాలి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలనీలంగా మారినప్పటి నుంచి 70 శాతం దాకా ఉంటే మంచిది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్లనే కళ్ళకు ఆ మసక వస్తుంది. ఆ రోజుల్లో మేత పెట్టవద్దు, చేతిలోకి తీసుకోవద్దు. తడిపి పిండిన కొబ్బరిపొట్టు నింపిన చిన్న డబ్బాకు రంధ్రం చేసి పెట్టెలో వెచ్చని వైపు ఉంచితే పాము దానంతట అదే అందులో దూరుతుంది. పెట్టె అంతా చిత్తడి చేస్తే మాత్రం పొట్ట కింది పొలుసులు పుండ్లు పడతాయి. గవదకింద, కళ్ళ చుట్టూ నల్లటి చుక్కల్లా కదిలే పురుగులున్నాయేమో చూడండి, వాటివల్ల కూడా కుబుసం సరిగా ఊడదు.

ఈ జాతిని పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చేయించకపోతే వెంటనే అటవీశాఖను సంప్రదించండి.

తోక రంగు మారినా, కంటి చుట్టూ వాపు కనిపించినా, రెండోసారి కుబుసంలోనూ కంటిపొర రాకపోయినా ఇంటి వైద్యం మానేసి, గరివిడి పశువైద్య కళాశాలలో గానీ భువనేశ్వర్ పశువైద్య కళాశాలలో గానీ విచారించి, పాముల వైద్యం తెలిసినవారికి చూపించండి. వెళ్ళేటప్పుడు ఊడిన కుబుసం ముక్కలను కూడా వెంట తీసుకువెళ్ళండి.