ఇనుప గనిలో కోబాల్ట్ ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: బ్యాటరీలకు కావలసిన కోబాల్ట్ కొన్ని దేశాల్లో స్కార్న్ రకపు ఇనుప గనుల నుంచి కూడా లభించిందని చదివాను. ఇనుప ఖనిజంలోకి అది ఎలా వచ్చి చేరుతుంది? మన కరీంనగర్ వైపు గుట్టల్లోని ఇనుప రాతిలోనూ ఉంటుందా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: భూమి లోపలి శిలాద్రవం సున్నపురాయిలోకి గానీ డోలమైట్‌లోకి గానీ చొచ్చుకువచ్చినప్పుడు, ఆ వేడికీ, దానితోపాటు కదిలే ఉప్పునీటి ద్రావణాలకూ చుట్టుపక్కల రాయి మారిపోయి, గార్నెట్, పైరాక్సీన్ వంటి ఖనిజాలతో నిండిన కొత్త శిలగా తయారవుతుంది. దానినే స్కార్న్ అంటారు. అందులో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం పెద్ద మొత్తంలో పేరుకుంటే అది ఇనుప నిక్షేపమవుతుంది.

భూమి పైపొరలో కోబాల్ట్ సగటున టన్నుకు సుమారు 25 గ్రాములే ఉంటుంది. గాబ్రో, డయాబేస్ వంటి ముదురు రంగు శిలల్లో అంతకంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అటువంటి శిలాద్రవం నుంచి వెలువడిన లేదా అటువంటి శిలల గుండా ప్రవహించిన ద్రావణాలకు కోబాల్ట్ దొరికే అవకాశం హెచ్చు. బాగా వేడిగా, బాగా ఉప్పగా ఉన్న నీటిలో కోబాల్ట్ క్లోరైడ్ అయాన్లతో జతకట్టి కరిగి ప్రయాణిస్తుంది. ఆ నీరు చల్లబడినా, పలుచనైనా, సున్నపురాయి దాని ఆమ్లత్వాన్ని తగ్గించినా ఆ జత విడిపోయి, కోబాల్ట్ నీటి నుంచి బయటపడుతుంది.

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మాగ్నెటైట్ సాధారణంగా ముందుగా ఏర్పడుతుంది. అందులోకి కొద్దిపాటి కోబాల్ట్ మాత్రమే వెళుతుంది. తర్వాతి దశలో, ఉష్ణోగ్రత తగ్గుతుండగా, గంధకం పాత్ర పెరిగి మాగ్నెటైట్ పగుళ్లలోనూ దాని స్థానంలోనూ ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఏర్పడుతుంది. కోబాల్ట్ అయాన్ పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ ఇనుప అయాన్‌కు దగ్గరగా ఉండటం వల్ల, పైరైట్ స్ఫటికంలో ఇనుము ఉండవలసిన చోట అది సులభంగా ఇమిడిపోతుంది. ఆర్సెనిక్ కూడా ఉన్నచోట కోబాల్టైట్ అనే ప్రత్యేక ఖనిజం ఏర్పడవచ్చు. అందువల్ల కోబాల్ట్ కోసం పరిశీలించవలసింది మాగ్నెటైట్‌ను కాదు, దాని పక్కనున్న పసుపు పచ్చని పైరైట్‌ను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్న్‌వాల్ గని దీనికి చక్కని ఉదాహరణ. డయాబేస్ సున్నపురాయిని తాకిన చోట ఏర్పడిన ఆ నిక్షేపంలో 1742 నుంచి 1973 వరకు ఇనుప ఖనిజం తవ్వారు. ఇరవయ్యో శతాబ్దంలో, మాగ్నెటైట్‌ను వేరుచేయగా మిగిలిన భాగం నుంచి పైరైట్‌ను తీసి, దాని నుంచి కోబాల్ట్ రాబట్టారు. ఇనుము తీసిన తరువాత మిగిలిన పొడిని పరీక్షించకుండా పారబోయడం ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కనిపించే మాగ్నెటైట్ క్వార్ట్‌జైట్ స్కార్న్ కాదు. పురాతన జలాల అడుగున ఇనుము, సిలికా పట్టీలు పట్టీలుగా పేరుకుని, తరువాత వేడికీ ఒత్తిడికీ మారిన శిల అది. పైన చెప్పిన పద్ధతిలో కోబాల్ట్ చేరే మార్గం దానికి లేదు. మంచిర్యాల ప్రాంతంలో సున్నపురాయి విస్తారంగా ఉన్న మాట నిజమే కానీ, సున్నపురాయి ఉన్నంత మాత్రాన స్కార్న్ ఏర్పడదు. దానిలోకి శిలాద్రవం చొచ్చుకువచ్చి ఉండాలి, ద్రావణాలు తగినంత కాలం ప్రవహించి ఉండాలి. క్షేత్ర పర్యటనలో శిలాద్రవం సున్నపురాయిని తాకిన అటువంటి స్పర్శ ప్రాంతం ఎక్కడైనా కనిపించి, అక్కడ గార్నెట్, మాగ్నెటైట్, పైరైట్ మూడూ కలిసి ఉంటే, మొత్తం రాతిని కాకుండా పైరైట్‌ను విడదీసి ప్రయోగశాలలో విశ్లేషణ చేయించండి.