పశువు పోయిన రోజే వెళ్ళు, బిడ్డా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కాగజ్‌నగర్ వైపు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి ప్రాణహిత నది దాటి మన కవ్వాల్ అభయారణ్యం వైపు వచ్చే పులులకు అదే దారి. దారి పొడవునా ఊళ్ళు, పత్తి చేలు, మందలు. అక్కడ పులి బతకాలంటే ముందు ఊరు ఒప్పుకోవాలి.

అందుకే పులి పశువును కొట్టిందని కబురొస్తే మర్నాటికి వాయిదా వేయకు. తిన్నంత తిని వదిలేసిన కళేబరం దగ్గరికి పులి మళ్ళీ వస్తుంది. ఈలోపే కోపంలో ఎవరో పురుగుమందు డబ్బా తీస్తారు. పత్తి వేసే ఇళ్ళలో దానికి కొదవ లేదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులి విషానికి బలైంది ఇలాగే. ఆ కొన్ని గంటలు నువ్వు అక్కడ ఉండాలి.

వెళ్ళగానే ఫోటోలు, కొలతలు మొదలుపెట్టకు. ముందు ఆ ఇంటివాళ్ళ దగ్గర కూర్చో. ఎద్దు పోతే వాళ్ళకు ఆ ఏడు దుక్కి ఆగినట్టే. తిడితే పడు. తర్వాత పంచనామా, పశువుల డాక్టర్ సర్టిఫికెట్, పాస్‌బుక్ జిరాక్స్ అన్నీ దగ్గరుండి చేయించు. కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిప్పితే, పరిహారం వచ్చినా కోపం చల్లారదు. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనే చెప్పు. కళేబరం దగ్గర కెమెరా పెట్టించు, ఊరి కుర్రాళ్ళను కాపలా ఉంచి కూలి ఇప్పించు.

పశువులను అడవిలోకి తోలడమే తప్పని వాదించేవాళ్ళు మన శాఖలో ఉన్నారు. నాకది నచ్చదు. గడ్డి ఉన్న చోటికే కదా మందను తోలేది!

అడవి పందుల కోసం పెట్టే కరెంటు తీగల మీద కేసు పెట్టాల్సిందే. కానీ పందులు పాడుచేసిన పంటకు పరిహారం దరఖాస్తు కూడా నువ్వే రాయించు, లేకపోతే తీగలు మళ్ళీ వస్తాయి.

పత్తి ఏరే రోజుల్లో మరీ జాగ్రత్త. 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో చేలో పనిచేస్తున్న ఒక అమ్మాయి పులి దాడిలో చనిపోయారు. పులి తిరుగుతోందని తెలిస్తే దాచకు, వెంటనే చాటింపు వేయించు. గుంపుగా, పొద్దెక్కాకే చేలకు వెళ్ళమను.

పులుల దారిని కాపాడేందుకు తలపెట్టిన కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ కోసం 2025 మేలో ఇచ్చిన జీవో 49ని ఆదివాసీల నిరసనతో జులైలో నిలిపేశారు. ఆ భయం ఇంకా ఉంటుంది. "మా పోడు పోతుందా?" అని నిన్నే అడుగుతారు. తప్పించుకోకు. 2006 అటవీ హక్కుల చట్టం బాగా చదువుకో, పట్టాలున్నవాళ్ళ జాబితా దగ్గర పెట్టుకో.

గోండీలో, కొలామీలో నాలుగు మాటలు నేర్చుకో. పులి జాడలు చూసే ట్రాకర్లు ఆ ఊళ్ళ కుర్రాళ్ళే. చేరిన వారంలోనే వాళ్ళ జీతాలు అందుతున్నాయో లేదో కనుక్కో. ఆగి ఉంటే పై ఆఫీసుకు నువ్వే రాయి.

మీ పెదనాన్న