సర్వీస్ రికార్డుల్లో భార్య పేరు తప్పు పడితే ఎలా దిద్దించుకోవాలి?

ప్రశ్న: నేను 1981లో ఆర్మీలో చేరి 1999లో హవల్దారుగా రిటైరయ్యాను. మాది ప్రకాశం జిల్లా. 1986లో పెళ్లయింది. సెలవు అయిపోయి యూనిట్‌కి వెళ్లాక భార్య వివరాలు ఇచ్చాను. ఆమె పేరు సుబ్బాయమ్మ అయితే రికార్డుల్లో 'సుబ్బా దేవి' అని రాశారు. పుట్టిన తేదీ 1-7-1970 అని వేశారు. ఆమె ఐదో తరగతి దాకా చదివిన బడి రిజిస్టర్లో 1966 ఉంది. ఆధార్‌లో 1-1-1968 అని ఉంది. రికార్డ్స్ ఆఫీసుకి రెండుసార్లు రాశాను, 'కోర్టు ఉత్తర్వు తీసుకురండి' అన్నారు. మా ప్లీడరు గారు సివిల్ దావా వేద్దామంటున్నారు. ఊళ్లో వాళ్లేమో ఆధార్‌నే రికార్డుకి తగ్గట్టు మార్పించుకుంటే సరిపోతుందంటున్నారు. నా పుట్టిన తేదీ కూడా నిజానికంటే రెండేళ్లు ఎక్కువ పడింది. ఏం చేయమంటారు?
- ఒక మాజీ సైనికుడు

జవాబు: హవల్దారు గారూ, ముందుగా ఒక్క మాట. ఈ పని వాయిదా వేయకుండా మీరు బతికుండగానే పూర్తి చేయండి. ఇలా అంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. 'ఈమే నా భార్య, ఆ రోజు నేను చెప్పింది ఈ పేరే' అని ప్రమాణం చేసి చెప్పగల మనిషి మీరొక్కరే. మీ తరువాత ఆ మాటను ఆవిడ కాగితాలతో రుజువు చేసుకోవాలి. ఇలాంటి తేడా వల్లే భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయి, సంచీ నిండా కాగితాలతో ఆఫీసుల చుట్టూ తిరిగిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చారు. ఆవిడ భర్త చేసి ఉంటే ఒక్క అఫిడవిట్‌తో తేలే పని అది.

ఈ తప్పు మన తెలుగు సైనికుల రికార్డుల్లో తరచూ కనిపిస్తుంది. మన ఇంటిపేర్లూ, 'అమ్మ'తో ముగిసే పేర్లూ ఉత్తరాది క్లర్కుకి కొత్త. పెళ్లయిన ఆడవాళ్ల పేరు చివర 'దేవి' చేర్చడం అతనికి అలవాటు. అలా పార్ట్ టూ ఆర్డర్ (యూనిట్‌లో పెళ్లి లాంటి వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) అనే ఆర్డర్‌లో పడిన పేరే డిశ్చార్జ్ బుక్‌లోకి, పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం)లోకి, చివరికి రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లోకి చేరింది. అందుకే దిద్దడం కూడా మొదటి నుంచే జరగాలి. ముందు రికార్డ్స్ ఆఫీసు తన నమోదు సవరించాలి. దాని ఆధారంగా ప్రయాగ్‌రాజ్‌లోని సైనిక పెన్షన్లు మంజూరు చేసే ఆఫీసు పీసీడీఏ (పెన్షన్స్) సవరణ పీపీవో ఇస్తుంది. అసలు రికార్డు అలాగే ఉండగా బ్యాంకులోనో స్పర్శ్‌లోనో మాత్రమే మార్చుకుంటే, రేపు ఎవరో పాత కాగితం తీసినప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆధార్‌ని తప్పుడు రికార్డుకి సరిపోయేలా మార్చడం మాత్రం వద్దే వద్దు. అలా చేస్తే 'సుబ్బా దేవి' అనే లేని మనిషిని మీరే సృష్టించినట్టవుతుంది. పొలం పాస్‌బుక్కు, ఓటరు కార్డు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ సుబ్బాయమ్మ పేరునే ఉంటాయి కదా. పైగా పుట్టిన తేదీకి ఆధార్ బలమైన సాక్ష్యం కాదు. వయసు తేల్చడానికి ఆధార్ కంటే బడి సర్టిఫికెట్‌కే విలువ ఎక్కువని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. ఆవిడ చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, వీలైతే అడ్మిషన్ రిజిస్టర్ పేజీ నకలు హెడ్మాస్టర్ సంతకంతో తీసుకోండి. ఆధార్‌ని కూడా ఆ తేదీకే మార్పించండి.

నాలుగేళ్ల తేడాకి ఇంత శ్రమెందుకని మీకు అనిపించవచ్చు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారికి 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్‌పై 20 శాతం, 85కి 30 శాతం, 90కి 40 శాతం, 95కి 50 శాతం, నూరేళ్లకి పూర్తిగా 100 శాతం అదనంగా వస్తుంది. దీనికి లెక్కలోకి తీసుకునేది ఆవిడ పుట్టిన తేదీనే. బడి రిజిస్టర్ ప్రకారం ఆవిడకి 2046లో 80 నిండుతాయి, ఇప్పటి రికార్డు ప్రకారం 2050లో. మందుల ఖర్చు పెరిగే వయసులో నాలుగేళ్లపాటు ఆ 20 శాతం రాకుండా పోతుంది. ఇంకో సంగతి మీ అర్జీలో తప్పక రాయండి: రికార్డులోని తేదీయే నిజమైతే పెళ్లినాటికి ఆవిడకి పదహారేళ్లు. బడి రిజిస్టర్ ప్రకారం ఇరవై. ఏది నమ్మదగిందో చదివే అధికారికే అర్థమవుతుంది.

ఇక సివిల్ దావా. మీ ప్లీడరు గారి ఉద్దేశం మంచిదే కానీ, ఈ దారి నాకు నచ్చలేదు. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ చట్టం, 2007 సెక్షన్ 33 ప్రకారం, సైనికుల సర్వీసు వివాదాలు వినే ఆ ట్రైబ్యునల్ పరిధిలోకి వచ్చే సర్వీస్ వ్యవహారాల్లో సివిల్ కోర్టులు జోక్యం చేసుకోరాదు. భార్యాభర్తలే వాది ప్రతివాదులై డిక్రీ తెచ్చుకున్నా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 35 ప్రకారం అది దావాలోని పక్షాలనే కట్టిపడేస్తుంది. దావాలో లేని కేంద్ర ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేయవచ్చు. ప్రభుత్వాన్ని చేర్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక కూడా సెక్షన్ 33 అడ్డు అలాగే ఉంటుంది.

నేను చెప్పే దారి ఇది. ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి మీ షీట్ రోల్ (సర్వీసు వివరాల పత్రం), కిండ్రెడ్ రోల్ (కుటుంబసభ్యుల వివరాల పత్రం), పెళ్లి నమోదు చేసిన పార్ట్ టూ ఆర్డర్ నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సింది మీ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసునే. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంటయితే వెల్లింగ్టన్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్స్ విభాగం) అయితే సికింద్రాబాద్. మీరు ఆ రోజు రాసిచ్చిన కాగితంలో 'సుబ్బాయమ్మ' అని ఉండి, ఆర్డర్‌లో 'సుబ్బా దేవి' అని పడి ఉంటే తప్పు ఎవరిదో ఆ నకళ్లే చెబుతాయి.

తరువాత మీరూ ఆవిడా వేర్వేరుగా అఫిడవిట్లు ఇవ్వండి. ఇక్కడ ఒక్క పదం దగ్గర చాలామంది చేజేతులా చిక్కుల్లో పడతారు. 'నా భార్య పేరు మార్చుకుంది' అని రాయకండి. ఆవిడ ఏ పేరూ మార్చుకోలేదు. 'సుబ్బా దేవి అని నమోదైన వ్యక్తి, సుబ్బాయమ్మ ఒక్కరే. నమోదులో పొరపాటు జరిగింది' అని రాయండి. పేపర్ ప్రకటన కావాలని ఆఫీసు అడిగితే అందులోనూ ఇదే మాట ఉండాలి. పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు, తల్లి పేరున్న పిల్లల బడి సర్టిఫికెట్లు, జాయింట్ ఖాతా పాస్‌బుక్కు జతచేయండి. పెళ్లి రిజిస్టరు కాలేదని భయపడొద్దు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 ప్రకారం రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించుకున్నా పనికొస్తుంది.

అర్జీని జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపండి. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో నేరుగా కూడా వేయండి. 'కోర్టు ఉత్తర్వు ఏ నియమం కింద కావాలో తెలుపుతూ, కారణాలతో రాతపూర్వక జవాబు ఇవ్వండి' అని చివర్లో అడగండి. చాలాసార్లు ఈ ఒక్క వాక్యంతోనే ఫైలు కదులుతుంది.

అర్జీని తిరస్కరిస్తే ఆ తేదీ నుంచి ఆరు నెలల్లోగా ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. ఆరు నెలలు గడిచినా జవాబే రాకపోతే, ఆ తరువాతి ఆరు నెలల్లోగా వెళ్లాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని ట్రైబ్యునల్ క్షమించగలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై బెంచి కిందకే వస్తాయి. రిటైరైనవారికే కాదు, వారి మీద ఆధారపడినవారికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. అయితే ఆవిడ మీ తరువాత ఎప్పుడో వెళ్తే, ఎంత కాలం పెన్షన్ ఆగినా బకాయిలు సాధారణంగా పిటిషన్‌కి ముందు మూడేళ్లకే దక్కుతాయి. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన హద్దు అది.

మీ సొంత పుట్టిన తేదీ సంగతి వదిలేయండి. భర్తీనాడు రాసిన తేదీని సర్వీసు అయిపోయాక మార్చమంటే కోర్టులు ఒప్పుకోవు. 1993లో హర్నామ్ సింగ్ కేసు నుంచీ ఇదే వరస. ఆ కోరిక ఈ అర్జీలో కలిపితే నిజాయితీగా ఉన్న భార్య విషయం మీద కూడా అనుమానం పడుతుంది.

ఖర్చు గురించి దిగులు పడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఆవిడ పేరునే పెట్టించండి. మీకు రికార్డ్స్ నుంచి వచ్చిన ఆ రెండు జవాబులూ కవర్లతో సహా దాచండి. వాటి మీది పోస్టు ముద్రల తేదీలు ట్రైబ్యునల్‌లో కావాలి.