కోడిగుడ్డంత జంతువు గురించి నీ వ్యాసం

విజయనగరం

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోట దగ్గర టీకొట్టులో, రెండోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. పలాసలో కూర్చుని మడగాస్కర్ గ్రే మౌస్ లెమూర్ మీద, అంటే ఎలుకలా కనిపించే ఆ బుల్లి కోతిచుట్టం మీద తెలుగులో రాశావు, అది చాలు నాకు. గీతలు మాత్రం బాగానే పడ్డాయి, ఏమనుకోకు.

"వాసన వల్ల లెమూర్ లావెక్కుతుంది" అన్నావు. నా పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. దాన్ని లావెక్కించేది ముందుగా పగటి నిడివి. పగలు 12 గంటలకన్నా తగ్గితే దాని ఒంట్లో లెక్క మారిపోతుంది. తోకలో, వెనక కాళ్లలో కొవ్వు చేరుతుంది. వానల్లేక తిండి కరువయ్యే అక్కడి చలికాలంలో ఒళ్లు చల్లబరుచుకుని గంటల తరబడి మొద్దులా పడుంటుంది. ఎండెక్కి చెట్టుతొర్ర వేడెక్కితే మళ్లీ లేస్తుంది. సుమారు 60 గ్రాములుండే ప్రాణికి ఈ పొదుపు లేకపోతే బతుకు లేదు. పారిస్ దగ్గర బ్రూనోయ్‌లో పరిశోధకులు వీటిని పెంచి, దీపాల వేళలు మార్చి ఈ కాలాలన్నీ గదుల్లోనే తెప్పించారు.

మరి వాసన పనేంటి? ఇదే నీ వ్యాసానికి గుండెకాయ, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. ఈ లెమూర్ తన మూత్రాన్నే చేతులకీ కాళ్లకీ రాసుకుని కొమ్మలు పట్టుకుంటూ పోతుంది. వెనకొచ్చేవాడికి అదే కబురు. పెత్తనం చేసే మగదాని మూత్రం వాసన తగిలితే చాలు, మరో మగదానిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తగ్గుతుంది. కొట్లాట అక్కర్లేదు. వాసనల్ని అందుకునే మెదడు భాగాన్ని తీసేసి చూస్తే ఒంటి వేడి, తిరుగుడు నడిచే లయే మారింది. పొట్టి పగళ్లకి ఒళ్లు ఖర్చూ పొదుపూ సర్దుకునే తీరులోనూ వాసనకి వాటా ఉందని తేలింది. అంటే కాలం సంగతి వెలుతురు చెబితే, చుట్టుపక్కల ఎవరున్నారో ముక్కు చెబుతోంది. ఒళ్లు రెండు మాటలూ వింటుంది. ఇలా రాస్తే అబద్ధం ఉండదు, ఆసక్తీ తగ్గదు. "వల్ల" అనే మాట వాడేముందు ఒకసారి ఆగు. సైన్సు రాసేవాళ్లని ఎక్కువగా ముంచేది అదే.

నేనూ మునిగాను. పాతికేళ్ల కిందట ఇదే జంతువు గురించి "డిసెంబరు చలికి ముడుచుకుని పడుకుంటుంది" అని రాసేశాను. బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు: అయ్యా, అది భూమధ్యరేఖకి దిగువనుంది కదా, వాళ్ల చలికాలం మనకి వానలు పడే రోజుల్లో కదా అని. వారం రోజులు మొహం ఎత్తుకోలేకపోయాను. నీ మూడో పేజీలోనూ ఆ డిసెంబరే ఉంది, చూసుకో.

ఇంకోటి. వాసన మీద రాసిన నాలుగు పేజీల్లో ఒక్క వాసనా లేదు! జీడిపిక్కలు కాల్చే పొగ మధ్య పెరిగిన కుర్రాడివి. చీకట్లో, కళ్లు మూసుకుని మీ ఊరు చేరితే ఏ వీధిలో ఉన్నావో ముక్కే చెప్పేస్తుంది కదా. ఆ పొగతోనే మొదలుపెట్టు. లెమూర్ రెండో పేరాలో వచ్చినా నష్టం లేదు.

మన దేవాంగపిల్లిని కూడా తీసుకురా. శేషాచలం కొండల్లో రాత్రిపూట తిరిగే ఆ పెద్ద కళ్ల జీవిదీ తడి ముక్కే, అదీ మూత్రంతో చేతులు తడుపుకుంటుంది. చదివేవాళ్లకి మడగాస్కర్ కాస్త దగ్గరవుతుంది. అయితే లెమూర్ కొవ్వు కథ తెచ్చి దీనికి అంటగట్టకు.

పైడితల్లి సిరిమానుకి వస్తావుగా, తిరగరాసిన కాగితాలు పట్టుకురా. పెన్సిల్ చెక్కి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య