పీఈటీ మాస్టారి మీద ఆరోపణ: ముందు విచారణా, ముందు ఫిర్యాదా?

ప్రశ్న: లాయరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. చిన్న ప్రైవేటు స్కూలు నడుపుతున్నాను. ఆటల పీరియడ్‌లో పీఈటీ మాస్టారు తప్పుగా తాకుతున్నాడని ఆరో తరగతి అమ్మాయి మా ఆయాతో చెప్పింది. మాస్టారు ఒట్టేసి కాదంటున్నాడు. అమ్మాయి తల్లి కువైట్‌లో ఉంది. అమ్మమ్మేమో పరువు పోతుంది, కేసులొద్దంటోంది. మాస్టారి చేత రాజీనామా ఇప్పించి, అంతో ఇంతో డబ్బు కట్టించి సర్దేద్దామని ఊరి పెద్దలంటున్నారు. మేమే కమిటీ వేసి నిజం తేల్చాక పోలీసులకు చెబితే సరిపోతుందా? తీరా అబద్ధమని తేలితే నా మీద కేసు పడదా?

జవాబు: సరిపోదు. ఇది చదివిన రోజే స్టేషన్‌కు వెళ్లండి. అసలు ఆయా చెప్పిన రోజే వెళ్లాల్సింది.

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. రుజువులు పోగేసుకుని రమ్మని ఎవరినీ అడగదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద మామూలు మనిషికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసే మనిషి సంగతి దాచితే ఏడాది దాకా జైలు, పైన జరిమానా. మీరు ఈ రెండో కోవలోకి వస్తారు. మీ ఆయా కూడా 'సార్‌కి చెప్పేశాను' అంటే తప్పించుకోలేదు.

కమిటీ వద్దని ఎందుకంటున్నానంటే, ఆ పిల్లను నలుగురి ముందు కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ అడిగితే ప్రతిసారీ మాట కొంచెం మారుతుంది. పెద్దవాళ్లకైనా మారుతుంది. నేను నిందితుడి తరఫు లాయరునైతే మీ కమిటీ నివేదికే నాకు చాలు, కోర్టులో ఆ పిల్లను తికమక పెట్టడానికి. మీరు చేయాల్సింది వేరే ఉంది. అమ్మాయి ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలే, దిద్దకుండా, తేదీతో సహా రాసి సంతకం పెట్టమని ఆయాకు చెప్పండి. టైంటేబుల్, హాజరు రిజిస్టర్లు భద్రం చేయండి. సీసీ కెమెరా ఉంటే రికార్డింగ్ ఈరోజే కాపీ తీయించండి. పాతది దానంతటదే చెరిగిపోతుంది.

మాస్టారిని విచారణ తేలేదాకా పిల్లల దగ్గరికి రానివ్వకండి. సస్పెన్షన్ ఉత్తర్వులో 'ఆరోపణపై విచారణ జరుగుతున్నందున' అని రాస్తే చాలు, దోషి అని రాయకండి. అసెంబ్లీలో ప్రకటనలూ, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లూ వద్దే వద్దు. ఆయన నిర్దోషి అయితే ఆ మాట పక్కాగా చెప్పగలిగేది దర్యాప్తు, కోర్టు. టీ కొట్టు దగ్గర మాటలతో ఆయన మీద మచ్చ పోదు.

ఇక రాజీనామా. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. కాగితం తీసుకుంటారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు దాటి నరసాపురంలో ఇంకో స్కూల్లో చేరతాడు. పిల్లలతో రోజూ పని ఉండే సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. మీరు ఫిర్యాదే చేయకపోతే ఆ వెరిఫికేషన్‌లో వాళ్లకేం కనబడుతుంది?

డబ్బు పంచాయతీ కూడా చెల్లదు. రాజస్థాన్‌లో ఒక టీచరు, అమ్మాయి తండ్రి రాజీపడ్డారని అక్కడి హైకోర్టు కేసు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి కేసు నడవాల్సిందే అంది. పైగా విషయం తెలిసిన పెద్దలకు కూడా 19వ సెక్షన్ వర్తిస్తుంది. వాళ్లకీ సంగతి చెప్పండి, సలహాలు తగ్గుతాయి.

మీ మీద కేసు గురించి టెన్షన్ వద్దు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని అదే సెక్షన్‌లో ఉంది. పరువు తీయడానికో, బెదిరించడానికో, డబ్బు గుంజడానికో కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవారికే శిక్ష.

అమ్మమ్మ గారి ఒప్పుకోలు మీ ఫిర్యాదుకు అవసరం లేదు. కానీ ఆవిడ భయం నిజమైనదే, కూర్చోబెట్టి చెప్పండి. అమ్మాయి పేరు, ఫొటో, స్కూలు, ఊరు పేపర్లోగానీ టీవీలోగానీ రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా రావాలి. అమ్మమ్మ పక్కనే కూర్చోవచ్చు. కువైట్‌లో ఉన్న తల్లికి మాత్రం ఊళ్లోవాళ్లు ఫోన్ చేసేలోపే మీరు చెయ్యండి.

స్టేషన్‌లో మీరు చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఎంట్రీ నంబరు వేయాలి. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసి తర్వాత సరైన స్టేషన్‌కు పంపేది, రాయమని అడగండి. నమోదు చేయకపోతే పోలీసులకూ 21వ సెక్షన్ కిందే శిక్ష ఉంది. ఆ నంబరు రాసుకున్నాకే బయటికి రండి.