కుక్కపిల్లల్ని తెచ్చేముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

కాజీపేట ఇంటి వెనక రేకుల షెడ్డులో వీధి కుక్కపిల్లల్ని పెట్టి, బాగుచేసి, అడిగినవాళ్లకు ఇస్తావంట కదా. మీ బాపు కోపంగానే చెప్పాడు గానీ నాకు లోపల ఎంత సంతోషమైందో. పశువుల దవాఖాన పని మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నా. కానీ వీడియోలు చూసి మందుల లిస్టు రాసుకున్నావని, అందులో వెల్లుల్లి, బొప్పాయి ఆకు రసం ఉన్నాయని విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

తిండి, నీళ్లు, నీడ గురించి నీకు చెప్పక్కర్లేదు. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకా సరిగ్గా పట్టదు, అందుకే ఒక్క సూదితో సరిపెట్టొద్దు. కొత్తగా తెచ్చినదాన్ని రెండు వారాలు వేరుగా ఉంచు.

పార్వో అని, వాంతులు, నెత్తురు విరేచనాలతో కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు ఉంది, దాని సంగతి మాత్రం నిదానంగా చదువు. నేను కంపౌండరుగా ఉన్నప్పుడు ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. చాలా మంచివాడు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆయన కుక్క పెట్టిన పిల్లలన్నింటికీ నెత్తురు విరేచనాలు పట్టుకుని ఒకటే మిగిలింది. దానికి నాలుగో రోజు ఏదో ఆకు పసరు తాగించాడు, మరునాడు అది లేచి గంజి తాగింది. ఇంకేముంది, పసరు బతికించిందన్న మాట చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పాకింది. జనం ముందు ఆయన దగ్గరికి పోయి, అక్కడ రెండు మూడు రోజులు గడిపి, చివరికి మా దగ్గరికి వచ్చేవాళ్లు. అప్పటికి పిల్ల చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉండేవి, మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే కిందికి దిగకుండా అట్లాగే నిలబడేది. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరికేది కాదు. కక్కుకుంటున్న పిల్ల నోట్లో పసరు పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది.

ఆయన ఎక్కడ తప్పాడో చూడు. పార్వోకి మా దవాఖానలో ఇచ్చేది వైరస్‌ను చంపే మందు కాదు. ఒళ్లు దానితో కొట్లాడి గెలిచేదాకా సెలైన్, వాంతులు ఆగే సూది, పేగుల నుంచి నెత్తుట్లోకి పాకే బాక్టీరియాకు యాంటీబయాటిక్, ఇవే పిల్లను నిలబెడతాయి. అన్ని రోజులు తట్టుకున్న పిల్ల చాలాసార్లు తనంతట తానే తేరుకుంటుంది, ఆ సమయానికి నోట్లో ఏది పోస్తే పేరు దానికి వస్తుంది. పైగా పిల్ల బతికినవాళ్లు కొబ్బరికాయ పట్టుకుని ఆయన ఇంటికి వచ్చేవాళ్లు, చచ్చినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు. పాపం ఆయన లెక్కలో అన్నీ బతికినవే. అట్లా ఎన్ని పిల్లలు చేతిలో పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకని ఎవరైనా ఫలానాదానితో తగ్గిందంటే, ఎన్నింటికి ఇచ్చారు, ఇవ్వనివాటికి ఏమైంది అని అడుగు. కుక్కపిల్లల్లో మొహం మీద అక్కడక్కడ బొచ్చు ఊడే డెమోడెక్స్ గజ్జి చాలామటుకు దానంతట అదే పోతుంది, మరి వేప నూనె రాసినవాళ్లు నూనెతోనే పోయిందంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అట్లా కనబడుతుంది. 2012లో కీళ్ల నొప్పుల కుక్కల మీద ఒక పరిశోధన అచ్చయింది. కొన్నింటికి మందు లేని ఉత్తి బిళ్లలు ఇచ్చి, కాలు ఎంత బరువు మోపుతుందో యంత్రంతో కొలిచారు. కొలతలో మార్పు లేకపోయినా నడక మెరుగైందని యజమానులే కాదు, డాక్టర్లు కూడా చాలాసార్లు చెప్పారు! ప్రేమగా చూసే కళ్లకు కావాల్సిందే కనబడుతుంది బిడ్డా. బరువు, జ్వరం, ఎన్నిసార్లు కక్కింది, అన్నీ ఒక నోటుబుక్కులో రోజూ రాసిపెట్టు.

పసరు ఒక్కదాన్నే అనుమానించమని కాదు, షాపువాడు అంటగట్టే లివర్ టానిక్‌నూ అదే ప్రశ్న అడుగు. వెల్లుల్లి మాత్రం లిస్టులోంచి ఇప్పుడే కొట్టెయ్. పిడుదులు పోతాయనడానికి రుజువు లేదు, ఎక్కువైతే కుక్క ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పిడుదుల జ్వరానికి డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు ఇస్తారు, ప్లేట్‌లెట్లు పెరిగేది దానితో, పేరేమో బొప్పాయి ఆకు కొట్టేస్తుంది. పిల్లికి పారాసిటమాల్ చిన్న ముక్క కూడా ఇవ్వకు, చచ్చిపోతుంది. అనుమానమొస్తే మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకుపో, గంట దారి కూడా కాదు.

నా అసలు భయం రేబీస్. పిచ్చికుక్క అంటే మీద పడి కరిచేదే అనుకుంటారు. దవడ జారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేక మూల కూర్చునే రకం కూడా ఉంటుంది. గొంతులో బొక్క ఇరుక్కుందనుకుని నువ్వు చెయ్యి పెడతావు, నీ గుణం నాకు తెలుసు. పెట్టకు! కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పరుగెత్తు. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టొద్దు. లక్షణాలు బయటపడ్డాక ఇక మనిషి దక్కడు.

కుక్కలతో పని చేసేవాళ్లకు ముందస్తుగా వేసే రేబీస్ టీకా ఉంది. ఈ వారమే మొదలుపెట్టు. టీకా వేయించుకున్న చీటీ ఫొటో నాకు పంపు, బోన్లకు పైసలు నేను పంపుతా. చీటీ రాకుంటే మీ బాపు పక్షాన నేనూ నిలబడతా.

మీ చిన్నాయన